వదలని వాలు: పాత అంబాసిడర్ స్టీరింగ్ జాయింట్ ఎందుకు ఊడిరాదు?

వంటింట్లో ఒకదానిలో ఒకటి దొంతరగా పెట్టిన స్టీలు గ్లాసుల్లో రెండు అప్పుడప్పుడు బిగుసుకుపోతాయి. ఎంత లాగినా రావు. చేతిపట్టు జారుతుందే తప్ప గ్లాసు కదలదు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు లోపలి గ్లాసులో చల్లటి నీళ్లు పోసి, బయటి గ్లాసును వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచుతారు. లేదంటే బయటి గ్లాసును పక్కనుంచి చిన్నగా తట్టుతూ మెలితిప్పుతారు. అంతసేపు మొండికేసిన గ్లాసు తేలిగ్గా ఊడివస్తుంది.

యాభై ఏళ్లు దాటిన అంబాసిడర్ కారు ముందు చక్రం వెనక మెకానిక్‌లు గంటల తరబడి కుస్తీ పట్టేది ఇలాంటి జంటతోనే. అక్కడ లోపలి గ్లాసు స్థానంలో వేలంత ఉక్కు పిన్ను, బయటి గ్లాసు స్థానంలో స్టీరింగ్ ఆర్మ్ చివర ఉన్న రంధ్రం ఉంటాయి. పిన్నుకు ఒక నట్టు బిగించి ఉంటుంది. ఆ నట్టు విప్పేశాక కూడా పిన్ను అంగుళమైనా కదలదు. దాన్ని పట్టి ఉంచుతున్నది నట్టే అయితే, నట్టు తీయగానే అది జారి చేతిలో పడాలి. పడటం లేదంటే పట్టు మరెక్కడో ఉందన్నమాట.

ఇదేదో గ్యారేజీ తిప్పలు అని తీసిపారేయడానికి లేదు. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తారు. వాటి నంబరులో ‘వీఏ’ అనే ప్రత్యేక అక్షరాలు ఉంటాయి. వాటిని రోజువారీ అవసరాలకు తిప్పకూడదు కానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు రోడ్డెక్కించవచ్చు. బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివరి నుంచి 2014 మే వరకు తయారైన అంబాసిడర్లలో, తొలి తరాలవి ఇప్పటికే ఈ గీత దాటేశాయి. కాబట్టి అరవై ఏళ్ల నాటి స్టీరింగ్ భాగాలతో ఒక కారు మన పక్కనుంచి వెళ్లడం ఊహకందని విషయం కాదు. ఆ భాగాలను ఎవరు, ఎలా విప్పి బిగించారన్నది ఆ కారులో ఉన్నవారికే కాదు, రోడ్డు మీద అందరికీ సంబంధించినదే.

నట్టు చేసే పని ఎంత?

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు నుంచి పుట్టిన అంబాసిడర్‌లో ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే కింద ఒక పళ్ల కడ్డీ కుడికీ ఎడమకూ జరుగుతుంది. దాని రెండు కొసల నుంచి వెళ్లే కడ్డీలు చక్రాలను తిప్పుతాయి. అయితే చక్రం కుడి ఎడమలకు తిరగడంతో పాటు గుంటల్లో పైకీ కిందికీ ఊగుతుంది కూడా. రెండు కదలికలనూ భరించాలంటే కడ్డీ చివర భుజం కీలులాంటి గుండ్రటి గుబ్బ కావాలి. అదే బాల్ జాయింట్. మెకానిక్‌ల మాటల్లో టై రాడ్ ఎండ్. గుబ్బ కింద ఉన్న పిన్ను, చక్రానికి బిగించిన స్టీరింగ్ ఆర్మ్ రంధ్రంలోకి దిగుతుంది.

ఆ పిన్ను అంతటా ఒకే లావున ఉండదు. ఒక కొస నుంచి మరో కొసకు సన్నబడుతూ పోతుంది. రంధ్రమూ అదే వాలుతో ఉంటుంది. కార్ల స్టీరింగ్ జాయింట్లలో ఈ వాలు సాధారణంగా 8కి 1 లేదా 10కి 1. అంటే 10 మిల్లీమీటర్ల పొడవుకు వ్యాసం సుమారు 1 మిల్లీమీటరు తగ్గుతుంది. కెమిస్ట్రీ ల్యాబుల్లో ఒకదానిలో ఒకటి దిగే గాజు గొట్టాల కీళ్లకు ఉండే వాలు కూడా 10కి 1. అవీ అలాగే బిగుసుకుపోయి విద్యార్థులను ఏడిపిస్తుంటాయి.

10కి 1 వాలులో పిన్ను గోడ, పిన్ను నడుమ గుండా పోయే నిలువు గీతతో చేసే కోణం 3 డిగ్రీల లోపే. అసలు కిటుకంతా ఈ చిన్న కోణంలోనే ఉంది. ఒక అట్ట మీద రూపాయి బిళ్ల పెట్టి, అట్టను నెమ్మదిగా ఒకవైపు ఎత్తండి. కొంత వాలు వచ్చేదాకా బిళ్ల జారదు. ఆ కోణాన్ని ఘర్షణ కోణం అంటారు. కొద్దిగా నూనె తగిలిన ఉక్కు మీద ఉక్కుకు ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే, ఈ కోణం ఎనిమిదిన్నర డిగ్రీలు అవుతుంది. పిన్ను వాలు 3 డిగ్రీలే. జారాలంటే కావలసిన వాలులో సగం కూడా లేదు కనుక, ఒకసారి లోపలికి దిగిన పిన్ను తనంతట తాను వెనక్కి రాదు. డ్రిల్లింగ్ మిషన్లలో, లేతుల్లో బరమాను పట్టి ఉంచే మోర్స్ టేపర్ కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. ఐటీఐలో చదివినవారెవరైనా దాన్ని చేత్తో తోసి బిగించి, సన్నటి ఇనుప ముక్కను గాడిలో దూర్చి తట్టి ఊడదీసి ఉంటారు.

లెక్క కొద్దిగా ముందుకు తీసుకెళ్తే మరో సంగతి తెలుస్తుంది. 12 మిల్లీమీటర్ల మర ఉన్న నట్టును 40 న్యూటన్ మీటర్ల మెలితో బిగిస్తే, అది పిన్నును ఒకటిన్నర టన్నులకు పైబడిన బలంతో లోపలికి లాగుతుంది. వాలు చాలా తక్కువ కనుక, ఆ లాగుడు రంధ్రం గోడ మీద సుమారు అయిదు రెట్ల ఒత్తిడిగా మారుతుంది. ఏడెనిమిది టన్నులన్నమాట. ఆర్మ్ కన్ను ఉక్కుదే అయినా, ఆ ఒత్తిడికి కంటికి కనిపించనంత సాగి, రబ్బరు బ్యాండులా పిన్నును చుట్టి నొక్కుతూ ఉంటుంది. నట్టు తీసేసినా ఆ నొక్కుడు పోదు. నట్టు పని పిన్నును లోపలికి దించడం, అది వెనక్కి జరగకుండా కాపలా ఉండటం. చక్రాన్ని నిజంగా మోసేది వాలు.

అదే లెక్క ప్రకారం పిన్నును వెనక్కి లాగడానికి బిగించిన బలంలో దాదాపు సగం చాలు. కొత్త కారులో నిజంగానే అంతటితో వచ్చేస్తుంది. అరవై ఏళ్ల కారులో ఎందుకు రాదంటే, అక్కడ ఘర్షణ ఒక్కటే లేదు.

గంధం రంగు పొడి, సముద్రపు గాలి

తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఏ రకం ఆక్సైడు ఏర్పడిందన్న దాన్నిబట్టి, తిన్న ఇనుము పరిమాణానికి రెండు నుంచి ఆరు రెట్ల దాకా ఉబ్బుతుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో పాత ఇళ్ల స్లాబు పెచ్చులుగా రాలి ఊచలు బయటపడటానికి కారణం ఈ ఉబ్బే. ఊచ ఉబ్బి కాంక్రీటును పగలగొట్టింది. స్టీరింగ్ ఆర్మ్ కన్ను కాంక్రీటులా పగలదు కనుక, తుప్పు అక్కడే ఇరుక్కుని పిన్నును మరింత నొక్కుతుంది.

బిగువుగా ఉన్న మధ్య భాగానికి నీళ్లు తేలిగ్గా చేరవు. పైనా కిందా అంచుల దగ్గర వానకాలపు తడి, ఉప్పు గాలి, రోడ్డు బురద నిలిచిపోయి పని మొదలుపెడతాయి. మధ్యలో జరిగేది వేరే. కారు నడుస్తున్నంత సేపూ చక్రం అదురు పిన్నుకూ రంధ్రానికీ మధ్య మైక్రోమీటర్ల మేర అటూ ఇటూ జరుపుతుంది. ప్రతి జరుపులోనూ అతి సన్నటి లోహపు రజను ఊడి, వెంటనే ఆక్సైడుగా మారుతుంది. పాత జాయింటు విప్పినప్పుడు వాలు మీద ఎర్రచందనం రంగులో మెత్తటి పొడి కనిపిస్తే అది ఇదే. పదార్థ శాస్త్రవేత్తలు దీన్ని ఫ్రెటింగ్ అంటారు. ఈ అదురే పిన్నును ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఇంకా లోపలికి దించుతుంది.

ఇక్కడ ఒక నూనె సంగతి. బిగుసుకున్న నట్టు మీద డీజిల్ గాని, కిరసనాయిలు గాని, డబ్బాలో అమ్మే పలుచటి నూనె గాని వేసి రాత్రంతా వదిలేయడం అలవాటు. అవి తుప్పు సందుల్లోకి దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టే, కేశనాళికల ధర్మం వల్ల పాకుతాయి. సందు సన్నబడేకొద్దీ వేగం తగ్గుతుంది. పైగా ఈ పాకుడు కాలంతో సమానంగా సాగదు. రెట్టింపు దూరం వెళ్లాలంటే నాలుగు రెట్ల సమయం కావాలి. వాష్‌బర్న్ అనే శాస్త్రవేత్త 1921లో చూపిన ఈ సంబంధం, పావుగంట ఆగి సుత్తి అందుకునేవారికంటే ముందురోజు సాయంత్రమే నూనె వేసినవారు ఎందుకు నెగ్గుతారో వివరిస్తుంది. అయినా నూనె నట్టుకూ అంచుల తుప్పుకూ చేసినంత మేలు, నున్నగా నొక్కుకుని ఉన్న వాలు మధ్య భాగానికి చేయలేదు. అక్కడ దూరడానికి సందే లేదు.

రెండు పక్కల నుంచి

మొదట నట్టు. అంబాసిడర్‌లోవి అంగుళాల కొలత నట్లు. 11/16 అంగుళాల నట్టుకు ముఖాముఖి దూరం 17.46 మిల్లీమీటర్లు. ఇప్పటి 17 నంబరు స్పానర్ దానికి ఎక్కదు, 18 నంబరుది అర మిల్లీమీటరు వదులుగా కూర్చుని మూలలు అరగదీస్తుంది. సగం పాత కార్లలో గుండ్రంగా అరిగిన నట్లకు కారణం తుప్పు కాదు, ఈ అర మిల్లీమీటరే. స్ప్లిట్ పిన్ను తీసి నట్టు వదులు చేశాక, దాన్ని పూర్తిగా తీయకుండా రెండు మూడు మరలు పట్టి ఉంచాలి. పిన్ను ఒక్కసారిగా వదిలినప్పుడు కడ్డీ ఎగిరి మొహానికి తగలకుండా ఆ నట్టే ఆపుతుంది.

ఇప్పుడు చాలామంది చేసే పని, నట్టు కొస మీద సుత్తితో కింద నుంచి పైకి బలంగా కొట్టడం. అది పనిచేయదు. చక్రం వెనక ఉన్నదంతా స్ప్రింగుల మీద, రబ్బరు మీద వేలాడుతోంది. దెబ్బలో చాలా భాగం ఆ ఊపులోనే పోతుంది. మిగిలింది పిన్ను కొసను పుట్టగొడుగులా అణచి, మరలు పాడుచేస్తుంది. గొడ్డలిలా ఒక పక్క పలుచగా, కొస రెండుగా చీలి ఉండే పనిముట్టును సందులో పెట్టి దిగగొట్టడం మరో పద్ధతి. అది జాయింటును ఊడదీస్తుంది, కానీ గ్రీజును కాపాడే రబ్బరు తొడుగును చింపేస్తుంది. ఎలాగూ పారేసే జాయింటు అయితే సరే.

అనుభవం ఉన్నవారు కొట్టేది పిన్నును కాదు, రంధ్రం చుట్టూ ఉన్న ఆర్మ్ కన్నును. అదీ పక్కనుంచి. ఒకవైపు బరువైన ఇనుప దిమ్మె ఆనించి, ఎదురుగా రెండో వైపు సుత్తితో కొడతారు. కిలో బరువున్న సుత్తి సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చి, సెకనులో రెండువేలో వంతు సమయంలో ఆగిందనుకుందాం. ఆ క్షణంలో సగటు బలం 10,000 న్యూటన్లు. అంటే సుమారు ఒక టన్ను. ఎదురుగా దిమ్మె ఉంది కనుక ఆ బలం ఆర్మ్‌ను ఊపడంలో వృథా కాదు. గుండ్రటి కన్ను రెప్పపాటులో కొంత కోలగా మారి మళ్లీ యథాస్థితికి వస్తుంది. దెబ్బ తగిలిన దిశలో పిన్ను మీద నొక్కుడు పెరిగినా, దానికి అడ్డదిశలో తగ్గుతుంది. మధ్యలో ఉన్న తుప్పు పింగాణీలా పెళుసు. సాగలేక పగులుతుంది.

పుల్లర్ అనే పనిముట్టు ఇక్కడ తోడవుతుంది. దాని ఒక దవడ ఆర్మ్‌ను పట్టుకుంటుంది, రెండోది మర బోల్టు సాయంతో పిన్ను కొసను తోస్తూ ఉంటుంది. పుల్లర్‌ను గట్టిగా బిగించి, అంతకుమించి బలవంతం చేయకుండా వదిలి, అప్పుడు పక్క దెబ్బ వేస్తారు. పుల్లర్ ఉక్కు వంగి దాచుకున్న శక్తి, నొక్కుడు సడలిన ఆ క్షణంలో పిన్నును తోసేస్తుంది. ‘టప్’ మని తుపాకీ పేలినంత శబ్దం వస్తుంది. పుల్లర్ ఒక్కటే పెట్టి బిగిస్తూ పోతే దాని దవడ విరగవచ్చు. సుత్తి ఒక్కటే అయితే కన్ను కోలగా మారిన క్షణంలో పిన్నును తోసేది ఎవరూ ఉండరు. రెండూ కలిస్తే, విడివిడిగా చాలని బలాలు కూడా చాలుతాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల చేయి తిరిగిన మెకానిక్‌లను గమనిస్తే, వాళ్లు కొట్టే దెబ్బలు తక్కువే ఉంటాయి. దిమ్మె ఎక్కడ ఆనించాలో చూసుకోవడానికే ఎక్కువ సమయం తీసుకుంటారు.

దిమ్మె స్థానంలో రెండో సుత్తి పెట్టేవారున్నారు. గట్టిపరచిన రెండు సుత్తి మొహాలు గురితప్పి ఒకదానికొకటి తగిలితే ఉక్కు పెళ్లలు లేచి కంట్లో పడతాయి. కళ్లద్దాలు తప్పనిసరి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కింద సుత్తి దెబ్బలు వేయడం అంతకంటే పెద్ద తెలివితక్కువ పని. కారు స్టాండ్ల మీద ఉండాలి.

గ్యాస్ మంట పెట్టేముందు

ఏదీ పనిచేయకపోతే అందరూ చూసేది వెల్డింగ్ షాపు వైపు. స్టీలు గ్లాసుల చిట్కా ఇక్కడా నిజమే. ఉక్కు ప్రతి డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రోమీటర్లు వ్యాకోచిస్తుంది. 15 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న కన్ను, లోపలి పిన్ను కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే రంధ్రం 18 మైక్రోమీటర్లు పెద్దదవుతుంది. వెంట్రుక మందంలో నాలుగో వంతు. 10కి 1 వాలులో అది పిన్ను పొడవునా 0.18 మిల్లీమీటర్ల విడుదల కింద లెక్క. చాలు.

చిక్కల్లా ‘పిన్ను కంటే ఎక్కువ’ అన్న షరతులోనే ఉంది. రెండు లోహాలు గట్టిగా నొక్కుకుని ఉన్నాయి కనుక వేడి కొద్దిసేపట్లోనే పిన్నులోకీ పాకుతుంది. రెండూ కలిసి ఉబ్బితే లాభం సున్నా. అది అర్థం కాక మంటను ఇంకా పెంచుతారు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

స్టీరింగ్ ఆర్మ్ మామూలు ఇనుప కడ్డీ కాదు. కాల్చి, సాగగొట్టి, గట్టిపరచి, ఆ పైన పెళుసుదనం పోవడానికి మళ్లీ హెచ్చు వేడిమి దగ్గర టెంపరింగ్ చేసిన ఉక్కు. ఇలాంటి భాగాలకు ఆ రెండో వేడి మామూలుగా 500 నుంచి 600 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అంతకు మించి వేడి చేస్తే ఆ చికిత్స ఫలితం చెరిగిపోయి ఉక్కు మెత్తబడుతుంది. సుమారు 730 డిగ్రీలు దాటితే లోపలి స్ఫటిక నిర్మాణమే మారిపోతుంది. ఆ స్థితిలో తొందరపడి నీళ్లు పోస్తే గాజులా పెళుసవుతుంది. కొలిమి దగ్గర కమ్మరులు కొడవలిని ఏ రంగు దగ్గర నీళ్లలో ముంచాలో కంటితో చూసి చెప్పేది ఈ మార్పుల గురించే. వెలుతురులో లోహం గడ్డి రంగుకు తిరిగితే సుమారు 220 డిగ్రీలు, నీలమైతే సుమారు 300. పట్టపగలు ఎర్రగా కనిపించిందంటే 600 దాటినట్టే. గడ్డి రంగు దగ్గర ఆపితే ఆర్మ్ బలానికి ముప్పు లేదు. ఎర్రగా కాల్చిన ఆర్మ్‌ను మళ్లీ వాడకూడదు.

కష్టం ఏమిటంటే, చల్లారి రంగు వేశాక మెత్తబడిన ఆర్మ్‌కూ మంచి ఆర్మ్‌కూ చూపులో తేడా ఉండదు. జాయింటు ఊడినప్పుడు అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆ తర్వాత ఎప్పుడో ఒక గుంతలో ఆర్మ్ వంగుతుంది, లేదా విరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 11 మీటర్లు పోతుంది. ఒక చక్రం స్టీరింగ్ మాట వినడం మానేశాక అది చాలా దూరం. మంట దగ్గరలోనే బ్రేకు రబ్బరు గొట్టం కూడా ఉంటుంది. మూసి ఉన్న జాయింటులో మరిగిన గ్రీజు పేలి బయటికి చిమ్మవచ్చు. ఏ దారీ లేనప్పుడు పిన్నును కోసి తీసేయడం మేలు. జాయింటు కొత్తది దొరుకుతుంది. అసలైన పాత ఆర్మ్ దొరకడం కష్టం, తుక్కు నుంచి తెచ్చినదాని గత చరిత్ర ఎవరికీ తెలియదు.

ఊడిన తర్వాత

విప్పిన ఆర్మ్‌ను శుభ్రంగా తుడిచి పగుళ్లు వెతకాలి. ఎర్రటి రంగు ద్రవం పూసి, కాసేపు ఆగి తుడిచి, పైన తెల్లటి పొడి చల్లితే, పగుళ్లలో దాగిన రంగు పొడిలోకి పాకి ఎర్రగీతగా కనిపిస్తుంది. డై పెనెట్రెంట్ పరీక్ష అనే ఈ పద్ధతిలో పనిచేసేది నిన్న రాత్రి తుప్పులోకి నూనెను పంపిన కేశనాళికల ధర్మమే. ఖర్చు తక్కువ, చిన్న షాపులోనూ చేయవచ్చు. రంధ్రంలో నీలిరంగు పలుచగా పూసి కొత్త పిన్నును దించి తీస్తే, రంగు ఎక్కడెక్కడ అంటిందో తెలుస్తుంది. చుట్టూ సమంగా అంటకుండా ఒక పట్టీ మేరకే అంటితే రంధ్రం అరిగిపోయినట్టు. అందులో ఎంత మంచి జాయింటు పెట్టినా వాలు దాన్ని పట్టదు, భారమంతా నట్టు మీద పడుతుంది.

కడ్డీ నుంచి పాత జాయింటును మర విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టడం తెలివైన పని. ఒక్క చుట్టు తేడా వస్తే కడ్డీ పొడవు మిల్లీమీటరుకు మించి మారి, చక్రాలు లోపలికో బయటికో చూస్తాయి. లెక్కపెట్టినా సరే, తర్వాత అలైన్‌మెంట్ చూపించాల్సిందే.

తిరిగి బిగించేటప్పుడు వాలు మీద గ్రీజు పూయరు. పొడిగా, శుభ్రంగా ఉన్న ఉక్కు మీదే పట్టు నమ్మకంగా ఉంటుంది. నట్టు బిగిస్తుంటే కొత్త పిన్ను కూడా దాంతో పాటే తిరుగుతూ విసిగించడం మామూలే. నిన్నటిదాకా వదలనన్న వాలు ఇవాళ పట్టనంటుంది. జాయింటును పైనుంచి అదిమి పిన్నును రంధ్రంలోకి నొక్కి ఉంచితే పట్టు దొరికి నట్టు ఎక్కుతుంది. కోట గోడలా గాళ్లున్న ఆ నట్టును చెప్పిన మెలికి బిగించాక, గాడీ పిన్ను రంధ్రమూ ఎదురెదురుగా రాకపోతే ఇంకాస్త ముందుకే తిప్పాలి. వెనక్కి వదులు చేయకూడదు. కొద్ది కిలోమీటర్లు నడిపాక స్ప్లిట్ పిన్ను తీసి బిగువు మరోసారి చూస్తారు. పిన్ను వాలులో ఇంకొంచెం దిగి ఉంటే నట్టు తర్వాతి గాడిదాకా తిరుగుతుంది. అప్పుడు మళ్లీ కొత్త స్ప్లిట్ పిన్ను వేస్తారు. ఒకసారి వంచి తీసినదాన్ని తిరిగి వాడరు.